పిల్లల వార్డులో వీఆర్ హెడ్‌సెట్: భయపెట్టకుండా, మోసం చేయకుండా ఎలా వాడాలి

పిల్లల వార్డులో వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు పెట్టుకుంటే చుట్టూ ఇంకో లోకం ఉన్నట్టు చూపించే పరికరం) వాడతానని తెలిసిన ప్రతి ఒక్కరూ నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ఏ యాప్ పెట్టాలి?" తల్లిదండ్రులు అడుగుతారు, కొత్తగా చేరిన నర్సులు అడుగుతారు, హెడ్‌సెట్ కొనివ్వాలనుకునే దాతలూ అడుగుతారు. యాప్ సంగతి తర్వాత చూద్దాం. పాప "చాలు" అనగానే హెడ్‌సెట్ తీసే మనిషి పక్కన ఉన్నారా లేదా అన్నది ముందు తేలాలి. ఆసుపత్రిలో పిల్లల ఇష్టంతో జరిగేది దాదాపు ఏదీ ఉండదు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఏ చేతికి సూది వేయాలో అన్నీ పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. హెడ్‌సెట్ కూడా అలా నెత్తిన పెట్టే వస్తువే అయితే మేలుకంటే చెరుపే ఎక్కువ.

ఇది ఎందుకు పనిచేస్తుందో క్లుప్తంగా చెబుతాను. నొప్పినీ భయాన్నీ పట్టించుకోవడానికి మెదడుకు ధ్యాస కావాలి. ఆ ధ్యాస ఇంకో పనిలో మునిగితే నొప్పికి మిగిలేది తక్కువ. 1990ల్లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ ఈ ఆలోచనతోనే కాలిన గాయాలవాళ్లకోసం 'స్నోవరల్డ్' అనే మంచులోకాన్ని తయారుచేశారు. ఇక్కడ గాయం శుభ్రం చేస్తుంటే, అక్కడ వాళ్లు మంచు ముద్దలు విసురుతూ ఉంటారు. అలాగని దీన్ని మందు అనుకోవద్దు. 4 నుంచి 18 ఏళ్ల పిల్లలతో జరిగిన 17 ప్రయోగాలను 2020లో కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే సంస్థ) సమీక్ష పరిశీలించి, నొప్పి తగ్గుతుందనడానికి ఆధారాలు ఇంకా బలంగా లేవని చెప్పింది. కాబట్టి నొప్పి మందు మానేసి వీఆర్ పెట్టడం తప్పు. మందు ఇచ్చాక, దానికి తోడుగా పెట్టండి.

ముందు ఎవరికి వద్దో చూడండి

ఈ భాగాన్ని దాటేయకండి. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా, చూస్తున్న డాక్టర్ సరేననే దాకా హెడ్‌సెట్ ముట్టుకోవద్దు.

- ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే. మెరిసే వెలుతురు వల్ల సుమారు 4000 మందిలో ఒకరికి తీవ్రంగా కళ్లు తిరగడం, ఫిట్స్ లాంటివి రావచ్చని తయారీదారులే హెచ్చరిస్తున్నారు. ఇంతకుముందు ఎన్నడూ రానివాళ్లకీ రావచ్చు.
- తలకు ఈమధ్య దెబ్బ తగిలి ఉంటే, మెదడుకో కంటికో ఆపరేషన్ జరిగి ఉంటే.
- పేస్‌మేకర్, వినికిడికోసం చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్, తలలో నీరు తగ్గించే షంట్ లాంటివి ఉంటే. హెడ్‌సెట్‌లోనూ, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్లలోనూ అయస్కాంతాలు ఉంటాయి, అవి ఈ పరికరాల పనికి అడ్డుపడవచ్చు.
- ఆ రోజు వాంతులు, వికారం ఉంటే.
- ముఖం మీద, నెత్తి మీద గాయాలుంటే, కంటి ఇన్‌ఫెక్షన్ ఉంటే.
- మత్తు పూర్తిగా దిగకపోతే, జ్వరంలో పలవరిస్తుంటే. ఏది నిజమో తెలియని స్థితిలో ఉన్న పిల్లలకు ఇంకో లోకం చూపించకూడదు.

వయసు గురించి చాలామంది అడుగుతున్నారు. ఫేస్‌బుక్ సంస్థ మెటా తన క్వెస్ట్ హెడ్‌సెట్లకు కనీస వయసును 2023లో 13 నుంచి 10కి తగ్గించింది. ప్లేస్టేషన్ వీఆర్‌కు అది 12. ఆసుపత్రుల్లో మాత్రం నాలుగైదేళ్ల పిల్లలకు కూడా డాక్టర్ల పర్యవేక్షణలో కొద్ది నిమిషాలపాటు వాడుతున్నారు. మీ సొంత హెడ్‌సెట్‌ను మీరే తీసుకెళ్లి వాడాలనుకుంటే తయారీదారు చెప్పిన వయసునే పాటించండి. అంతకంటే చిన్నవాళ్ల విషయంలో నిర్ణయం డాక్టర్‌దే. ఇందులో ఇంకో చిక్కు ఉంది. చిన్న పిల్లలకు రెండు కళ్ల మధ్య దూరం తక్కువ. క్వెస్ట్ 2లో లెన్సుల మధ్య దూరాన్ని 58 మిల్లీమీటర్లకంటే తగ్గించలేం. అందువల్ల చాలామంది చిన్నవాళ్లకు బొమ్మ మసకగా కనిపిస్తుంది. అది చెప్పడం వాళ్లకు రాదు, కళ్లు నులుముకుంటారు, అంతే.

కావలసినవి

- కంప్యూటర్‌కు వైరుతో కలపనక్కరలేని హెడ్‌సెట్. బరువు చూసుకోండి, క్వెస్ట్ 3 దాదాపు 515 గ్రాములు. పెద్దవాళ్లకు అదేమంత బరువు కాదు గానీ, వారం రోజులుగా సరిగ్గా తినని ఆరేళ్ల పాప మెడకు అది చాలా బరువు.
- పిల్లలకు కనిపిస్తున్నది మీకూ కనిపించేందుకు ఒక ట్యాబ్. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- తుడవడానికి వీలైన సిలికాన్ ఫేస్ కవర్, ఒక్కొక్కరికి ఒకటి చొప్పున వాడి పారేసే ఐ మాస్కులు.
- ఆల్కహాల్ లేని క్రిమిసంహారక వైప్స్, లెన్సులకు పొడి మైక్రోఫైబర్ గుడ్డ.
- మెడ కింద పెట్టడానికి చిన్న దిండు. వాంతి వస్తే పట్టడానికి ట్రే.
- ఒక నోట్‌బుక్.

ఎలా చేయాలి

1. డ్యూటీ నర్సుతో సమయం ఖరారు చేసుకోండి. మందులు వేసే వేళ, డాక్టర్ల రౌండ్స్ వేళ తెలుసుకోండి. మధ్యలో ఎవరో వచ్చి బీపీ పట్టీ చుడితే, లోపల సముద్రం చూస్తున్న పిల్లవాడు ఉలిక్కిపడతాడు. మంచానికి ఒక చీటీ తగిలించండి: "హెడ్‌సెట్‌లో ఉన్నాను, ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి."

2. ముందురోజే అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఆసుపత్రి వైఫైలో లాగిన్ పేజీ వస్తే హెడ్‌సెట్ అక్కడే ఆగిపోతుంది. ఎదురుచూస్తున్న పిల్లల ముందు పాస్‌వర్డ్‌తో కుస్తీ పట్టడం కంటే నీరసమైనది లేదు. నోటిఫికేషన్లు ఆపేయండి. తెలియనివాళ్లతో మాట్లాడే, కలిసి ఆడే యాప్‌లన్నీ తీసేయండి. ఛార్జింగ్ చూసుకోండి, చాలా హెడ్‌సెట్లు రెండు మూడు గంటలకు మించి రావు.

3. యాప్ ఎంచుకోండి. చూస్తున్నవాళ్లు కూర్చున్న చోటే ఉండి, చుట్టూ ఉన్నవి కదిలేవి మంచివి. చూసేవాళ్లనే ఎగరేసుకుపోయే రోలర్ కోస్టర్లు, రేసులు వద్దు. శరీరం కదలకుండా కళ్లకు మాత్రం కదులుతున్నట్టు కనిపిస్తే వికారం వస్తుంది. సూది సమయానికి కాస్త పని చెప్పే ఆట మంచిది: గురిచూసి విసరడం, వెతకడం, లెక్కపెట్టడం. నిద్ర పట్టని పిల్లలకు నెమ్మదైన అడవి, నీళ్లు, నక్షత్రాలు. సెలైన్ ఎక్కుతున్న చేతితో కంట్రోలర్ పట్టుకోనక్కరలేకుండా, ఒక చేత్తోనో చూపుతోనో ఆడగలిగేవి చూడండి.

4. మీరే ఆ మంచం మీద పడుకుని మొదటి నుంచి చివరిదాకా చూడండి. మొదటి రెండు నిమిషాలు చూసి బాగుందనుకుంటే సరిపోదు. చాలా యాప్‌లు చూసేవాళ్లు నిలబడి ఉన్నారని అనుకుని తయారుచేసినవి. వెల్లకిలా పడుకున్న పిల్లలకు వాటిలో ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. పడుకున్నవాళ్లకు తగ్గట్టు దృశ్యాన్ని సరిచేసే సెట్టింగ్ ఉందేమో చూడండి, లేకపోతే మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టండి. ఎనిమిదో నిమిషంలో హఠాత్తుగా పెద్ద శబ్దం వస్తుందా, చీకటి పడుతుందా, జంతువు మీదికి దూకుతుందా అన్నది మీకు ముందే తెలిసి ఉండాలి.

5. బొమ్మతో మొదలుపెట్టి పరిచయం చేయండి. హెడ్‌సెట్‌ను నేరుగా ముఖం దగ్గరికి తీసుకురాకండి. ముఖం మీదికి వచ్చే ప్రతి వస్తువూ వాళ్లకు మత్తు మాస్కులాగే కనిపిస్తుంది. ముందు చేతికివ్వండి, తిప్పి చూడనివ్వండి. బొమ్మకు పెట్టండి, అమ్మకు పెట్టండి, అమ్మ ఏం చూస్తోందో ట్యాబ్‌లో చూపించండి. తర్వాత "పట్టీ లేకుండా నువ్వే చేత్తో పట్టుకుని చూస్తావా?" అని అడగండి. చేత్తో పట్టుకున్నప్పుడు తీసేయడం వాళ్ల చేతిలోనే ఉంటుంది. చాలామందికి ఆ భరోసా చాలు, రెండో నిమిషానికి వాళ్లే పట్టీ అడుగుతారు.

ఆపే గుర్తు ఇక్కడే నేర్పండి. "చాలు" అనాలి, లేదా చెయ్యి పైకెత్తాలి. నేర్పాక ఒకసారి ఉత్తుత్తిగా ఆడించండి: చెయ్యి ఎత్తగానే మీరు తీసేయాలి. ఆ ఒక్క ఆటతో వాళ్ల భుజాలు సడలడం మీ కళ్లతోనే చూస్తారు.

6. మొదటిసారి సూది లేని రోజున పెట్టండి. ఐదు నిమిషాలు చాలు. తర్వాత పది, పదిహేను. ఇరవై దాటనివ్వకండి. మంచం పక్క కమ్మీలు పైకి లేపి ఉంచండి, సెలైన్ ట్యూబు పిల్లల చేతి ఊపుకు అందకుండా వెనక్కి సర్దండి. ముక్కులో ట్యూబు ఉంటే హెడ్‌సెట్ దాన్ని నొక్కుతోందేమో నర్సుతో చూపించుకోండి.

ముక్కు దగ్గర కొద్దిగా సందు ఉంటుంది. పెద్దవాళ్లు దాన్ని మూసేయాలని చూస్తారు. మూయకండి. ఎనిమిదేళ్ల పాప ఒకామె చేపలను చూస్తూ చూస్తూ ప్రతి అర నిమిషానికీ గడ్డం పైకెత్తేది. మొదట మెడ నొప్పి అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే, ఆ సందులోంచి వాళ్లమ్మ చీర అంచు కనబడుతోందో లేదో చూసుకుంటోంది. వాళ్లమ్మను ఒక అడుగు ముందుకు జరిపి, పాప పాదం మీద చెయ్యి వేయమన్నాను. ఆ తర్వాత పాప గడ్డం ఎత్తలేదు. అప్పటి నుంచి ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఇదే చేస్తున్నాను: తమ మనిషి చెయ్యి ఒకటి ఒంటిమీద ఉండాలి.

7. ఇంజెక్షన్, డ్రెస్సింగ్ వేళ చెప్పి చేయండి. అన్నిటికంటే ఎక్కువ మంది చేసే తప్పు ఇక్కడే. "ఆటలో మునిగాడు, ఇప్పుడు గుచ్చేద్దాం" అనుకుంటారు. మొదట్లో నేనూ ఒకసారి అలాగే ఒప్పుకున్నాను. సూది సాఫీగానే దిగింది. కానీ ఆ బాబు మర్నాడు హెడ్‌సెట్ కనిపించగానే చేతులు రెండూ వీపు వెనక దాచుకున్నాడు. ఆ వారమంతా నా ముఖం కూడా చూడలేదు. వాడికి హెడ్‌సెట్ అంటే, తెలియకుండా గుచ్చే ముందు కళ్లకు కట్టే గంత.

కాబట్టి ముందే అడగండి: "సూది వేసేటప్పుడు చెప్పమంటావా? మూడు లెక్కపెట్టాలా?" కొందరు "చెప్పొద్దు, కానీ ఈరోజు ఉందని నాకు తెలుసు" అంటారు. అదీ మంచిదే, అది వాళ్లు ఎంచుకున్నది. హెడ్‌సెట్‌ను సూదికి మూడు నాలుగు నిమిషాల ముందే పెట్టండి, ఆటలో కుదురుకోవడానికి ఆ సమయం కావాలి. ఒక్కరే మాట్లాడాలి. నలుగురూ నాలుగు వైపుల నుంచి "ఏం కాదు, ఏం కాదు" అంటుంటే ఆట చెదిరిపోతుంది.

తాకిడిని కథలో కలపగలిగితే ఇంకా బాగుంటుంది. మెల్‌బోర్న్‌లో రెండు ఆసుపత్రుల్లో 4 నుంచి 11 ఏళ్ల పిల్లలతో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలాగే చేశారు. చర్మాన్ని దూదితో తుడిచే వేళకు లోపల అల వచ్చి చేతిని తాకుతుంది, సూది వేళకు చేప వచ్చి కొరుకుతుంది. మీ యాప్‌లో అలాంటిది లేకపోయినా, ట్యాబ్ చూస్తూ మీరే అనవచ్చు: "ఇప్పుడు చల్లటి నీళ్లు తగులుతాయి." అబద్ధం చెప్పకండి. చురుక్కుమంటుందంటే చురుక్కుమంటుందనే చెప్పండి.

మొదటి ప్రయత్నంలో నరం దొరకకపోతే వెంటనే రెండోసారి గుచ్చనివ్వకండి. ఆట ఆపాలా, కొనసాగించాలా అని అడగండి.

8. మెల్లగా బయటికి తీసుకురండి. సముద్రం ఒడ్డు నుంచి ఒక్క క్షణంలో వార్డు గోడల మధ్యకు వచ్చిపడితే పెద్దవాళ్లకే గుండె జారుతుంది. చాలామంది పిల్లలు ఏడ్చేది సూదికి కాదు, హెడ్‌సెట్ తీశాకే. రెండు నిమిషాల ముందు చెప్పండి, ఒక నిమిషం ముందు మళ్లీ చెప్పండి. "చేపకు టాటా చెప్పు" అని వీడ్కోలు చెప్పించండి. గదిలో లైటు తగ్గించి, హెడ్‌సెట్ వాళ్లతోనే తీయించండి. తీయగానే మొదట కనిపించేది అమ్మో నాన్నో కావాలి. ఆ తర్వాత చేతికో పని ఉండాలి: చూసినదాన్ని గీయడానికి కాగితం, రంగులు. పదిహేను నిమిషాల దాకా మంచం దిగనివ్వకండి, కళ్లు తిరిగి పడవచ్చు.

9. శుభ్రం చేయండి. పట్టీలు, ఫేస్ కవర్, కంట్రోలర్లు ఆల్కహాల్ లేని వైప్స్‌తో తుడవండి. లెన్సులను పొడి గుడ్డతోనే తుడవాలి, ద్రవాలు తగిలితే పూత పాడవుతుంది. తుడిచాక పూర్తిగా ఆరనివ్వండి. ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లకు వాడిన హెడ్‌సెట్ ఆ గదిలోనే ఉండాలి, దాని సంగతి ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్లే చెప్పాలి. హెడ్‌సెట్‌ను కిటికీ దగ్గర ఎండలో పెట్టకండి. లెన్సులు భూతద్దాల్లా పనిచేసి లోపలి తెరను కాల్చేస్తాయి. ఎమ్మారై గదిలోకి అసలే తీసుకెళ్లకూడదు.

ఇంటిని మంచం దగ్గరికి తేవడం

వారాల తరబడి ఉండే పిల్లలకు సూది భయం కంటే ఇంటి బెంగ పెద్దది. నేను ఎక్కువగా నమ్మేది ఈ పద్ధతినే. చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరాతో వాళ్ల ఇంటినీ స్నేహితులనూ తీసి చూపించవచ్చు.

ఏం తీయాలో పిల్లలనే అడగండి. మీరు ఊహించనివి చెబుతారు. ఒక బాబు తన గది వద్దన్నాడు, ఆటస్థలం వద్దన్నాడు, మెట్ల కింద పిల్లి పడుకునే చోటు కావాలన్నాడు. వాళ్ల అన్నయ్య రెండు నిమిషాలు అదే తీసి తెచ్చాడు. పిల్లి లేదు, దాని పాత గోనెసంచి మాత్రమే ఉంది. అయినా ఆ బాబు దాన్ని మూడుసార్లు చూశాడు.

తీసేవాళ్లకు కొన్ని సూచనలు. కెమెరాను స్టాండ్ మీద, ఆ పిల్లవాడు కూర్చుంటే కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తులో పెట్టండి. చేత్తో పట్టుకుని నడవకండి, చూసేవాళ్లకు వికారం వస్తుంది. మనుషులు కెమెరాకు ఒక మీటరు దూరంలో ఉండాలి, మరీ దగ్గరికొస్తే ముఖాలు చీలినట్టు కనిపిస్తాయి. పేరు పెట్టి పలకరించి, జవాబు చెప్పడానికి కాస్త ఆగండి, పిల్లలు నిజంగానే జవాబు చెబుతారు. "త్వరగా వచ్చెయ్" అనకండి. అది వాళ్ల చేతిలో లేదు, తమ తప్పేనేమో అనుకుంటారు. ఈరోజు ఏం జరిగిందో చెప్పండి: ఎవరు పడ్డారు, ఎవరికి పన్ను ఊడింది.

మొదటిసారి పగటిపూట, తమవాళ్లు పక్కనున్నప్పుడు చూపించండి. రాత్రి నిద్రకు ముందు వద్దు. చూసి ఏడిస్తే కంగారుపడి లాగేయకండి. "తీసేయమంటావా?" అని అడగండి, పక్కన కూర్చోండి. ఏడ్చి తేలికపడి మళ్లీ అడిగితే బెంగ బయటికొచ్చినట్టే. చూశాక తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటే కొన్నాళ్లు ఆపండి, వార్డులో కౌన్సెలర్ ఉంటే వాళ్లకు చెప్పండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

"కదలకుండా కూర్చున్నాడు, అంటే బాగున్నాడు" అనుకోవడం పెద్ద పొరపాటు. భయంతో బిగుసుకుపోయిన పిల్లలూ కదలరు. ముఖం సగం హెడ్‌సెట్ కిందే ఉంటుంది కాబట్టి కాలి వేళ్లు చూడండి. ముడుచుకుని ఉన్నాయా, వదులుగా ఉన్నాయా? పిడికిలి బిగించారా? ఊపిరి పైపైన తీసుకుంటున్నారా? తల తిప్పి చుట్టూ చూస్తున్నారా, ఒకేవైపు చూస్తూ ఉండిపోయారా? చెమటలు, ముఖం పాలిపోవడం, మాటిమాటికీ గుటక వేయడం కనిపిస్తే వాంతి రాబోతోందని గుర్తు. వెంటనే తీసేయండి.

కొలవాలంటే సరైన కొలత వాడండి. వాంగ్-బేకర్ ముఖాల బొమ్మలు నొప్పికోసం తయారుచేసినవి: మూడేళ్లు దాటిన పిల్లలకు ఆరు ముఖాలు, 0 నుంచి 10 దాకా. వాటిని చూపించి "మనసెలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబుకు అర్థం లేదు. భయానికి ఐదు ముఖాలతో, 0 నుంచి 4 దాకా విడిగా ఒక స్కేలు ఉంది. చెప్పలేని చిన్నవాళ్లకు నర్సులు ఫ్లాక్ స్కేలు వాడతారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్పుకు లొంగడం అనే ఐదింటికీ 0 నుంచి 2 చొప్పున మార్కులు వేస్తారు.

హెడ్‌సెట్‌కు ముందు, తీశాక, గంట తర్వాత అడగండి. "బాగుందా?" అని అడగకండి, మీ మనసు నొచ్చుకుంటుందని అవుననేస్తారు. "ఏది నచ్చలేదు?" అని అడగండి. నోట్‌బుక్‌లో ఆ రోజు రాత్రి నిద్ర, తిండి, మర్నాడు వాళ్లే అడిగారా లేదా అన్నవి రాయండి. ఒకవేళ మాట్లాడటం, ఆడుకోవడం, అన్నీ మానేసి హెడ్‌సెట్టే కావాలంటుంటే, వాళ్లు దేన్నుంచో పారిపోతున్నారు. సమయం తగ్గించి, కారణం వెతకండి.

హెడ్‌సెట్ వద్దంటే

వద్దంటే వద్దే. బతిమాలడం, లంచం పెట్టడం, పక్క మంచం పిల్లతో పోల్చడం వద్దు. స్టాన్‌ఫర్డ్ పిల్లల ఆసుపత్రిలో మత్తు డాక్టర్లు మంచానికే ప్రొజెక్టర్, తెర బిగించి ఆపరేషన్ గదిదాకా బొమ్మలు చూపించే పద్ధతి తెచ్చారు. ముఖం మీద ఏమీ ఉండదు కాబట్టి హెడ్‌సెట్ పెట్టకూడని పిల్లలకూ అది పనికొస్తుంది. ట్యాబ్‌లో 360 డిగ్రీల వీడియో పెట్టి, ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పుతూ చూసినా చాలామందికి సరిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది: హెడ్‌సెట్ మీరు పెట్టుకోండి, ట్యాబ్ వాళ్ల చేతికివ్వండి. వారమంతా తల అడ్డంగా ఊపిన ఒక పాప, ట్యాబ్ చూస్తూ నన్ను నడిపించడం మొదలుపెట్టింది. "ఎడమకి చూడు అక్కా. అటు కాదు, ఇంకా కిందికి. అదిగో, నీ వెనకే ఉంది." పది నిమిషాలు నేను ఆ పాప చెప్పిన వైపల్లా తల తిప్పాను. ఆ పది నిమిషాల్లో నర్సు వచ్చి డ్రెస్సింగ్ సంగతి అడిగితే, "ఆగండి, అక్కకి ఇంకా తాబేలు కనబడలేదు" అంది. నర్సు తాబేలు దొరికేదాకా ఆగింది.